ఇంటర్వ్యూకి వెళ్లిన అమ్మ

ఆ ఆదివారం మా హాల్లో ఉన్నవాళ్లు: నాన్న, అమ్మ, పిన్ని, మామ్మ, నేను. ఉన్న వస్తువులు: మూడు ప్లాస్టిక్ కుర్చీలు, మామ్మ మడత మంచం, ప్రిన్సిపాల్ టేబుల్ అనుకోడానికి అడ్డంగా తిప్పిపెట్టిన కుట్టుమిషను, దాని స్టూలు. బాబాయి లేడు, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్లాడు. నాకప్పుడు ఆరేళ్లు. మర్నాడు రామచంద్రపురంలోని ఇంగ్లీషు మీడియం స్కూల్లో రెండో తరగతికి నా ఇంటర్వ్యూ.

ఇంటర్వ్యూ పిల్లాడికి ఒక్కడికే కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ డిగ్రీ చదివి ఉండాలి, ఇద్దరితోనూ ఇంగ్లీషులో మాట్లాడతారు. నాన్న బీకాం. అమ్మ అయిదో తరగతి. తల్లి నోరు విప్పలేదని అంతకుముందు ఏడాది మా వీధి పిల్లాణ్ణి వెనక్కి పంపేశారు. మా ఇంట్లో డిగ్రీ ఉన్న ఆడమనిషి పిన్ని, అంటే బాబాయి భార్య, ఒక్కతే. కాబట్టి మర్నాటికి పిన్ని నాకు అమ్మ. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో నాకు తెలీదు. అమలు చేసింది మాత్రం అమ్మే.

అమ్మ స్టూలు మీద కూర్చుని ప్రిన్సిపాల్ అయింది. పిన్ని తెలుగు లిపిలో రాసిచ్చిన ప్రశ్నల్ని కూడబలుక్కుని చదివింది.

"వాట్ ఈజ్ యువర్ మదర్స్ నేమ్?"

నేను అమ్మ పేరు చెప్పాను.

"కాదు నాన్నా. పిన్ని పేరు చెప్పాలి. మళ్లీ అడుగుతున్నా."

ఈసారి పిన్ని పేరు చెప్పాను.

"ఆఁ, అదీ! అక్కడ పిన్నీ అన్నావంటే సీటు పోద్ది. మమ్మీ అనాలి."

"మరి నిన్నేమనాలి?"

"నేనక్కడ ఉండనుగా."

నా పాఠం తొందరగానే అయిపోయింది. ఇబ్బంది పిన్నితో వచ్చింది. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ బావగారి ముందు కూర్చుని ఎరగదు. నాన్న హాల్లోకి వస్తే లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆయన పక్క కుర్చీలో భార్యలా కూర్చోవాలి. నాన్న కూర్చోవడమే ఆలస్యం, పిన్ని లేచిపోతోంది.

"కూర్చోవే తల్లీ, కుర్చీ కరవదు" అంది అమ్మ.

"నావల్ల కాట్లేదక్కా. ఒళ్లు దానంతటదే లేచిపోతోంది."

"రేపు ఆయన పెళ్లాన్నని చెప్పడానికి లేని సిగ్గు కుర్చీ దగ్గరొచ్చిందేంటి?" అంది మామ్మ మంచం మీంచి.

అందరూ నవ్వారు, నాన్న తప్ప. "ఒక్క పది నిమిషాలు ఓర్చుకో అమ్మాయ్" అన్నాడు నేల చూస్తూ. చివరికి మధ్య కుర్చీలో నన్ను కూర్చోబెడితే పిన్ని అవతలి కుర్చీలో కూర్చోగలిగింది. అలా చేద్దామనుకున్నారు.

మర్నాడు అమ్మ తన నేత చీర పిన్నికిచ్చి, తనే కుచ్చిళ్లు సర్దింది. నాకు ఆటోలో వాంతులవుతాయని తనూ వచ్చి, స్కూలు గేటు బయట ఆగిపోయింది.

ప్రిన్సిపాల్ గదిలో మాకోసం ఉన్నవి రెండే కుర్చీలు, పక్కపక్కన. నాన్న కూర్చున్నాడు. పిన్ని కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడిపోయింది.

"ప్లీజ్ సిట్, మేడమ్" అంది ప్రిన్సిపాల్. రెండోసారి అన్నా పిన్ని కూర్చోలేదు. సంగతి అర్థమై నాన్న లేచి నిలబడ్డాడు. అప్పుడు పిన్ని వెంటనే కూర్చుంది.

ప్రిన్సిపాల్ మొహం విప్పారింది. "భార్య నిలబడి ఉందని తనూ లేచిన మగవాణ్ణి ఈ చుట్టుపక్కల ఇప్పుడే చూస్తున్నానండి" అంది. ఇంగ్లీషులో ఆవిడ అడిగిన రెండు ప్రశ్నలకీ పిన్ని తడుముకోకుండా జవాబిచ్చింది. తర్వాత నన్ను, ఈవిడ ఎవరని అడిగారు. మమ్మీ అన్నాను. సీటు ఇచ్చేశారు.

నాన్న అమ్మ కోసం లేచి నిలబడటం అంతకుముందు నేను చూడలేదు. తర్వాతా చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిన్ని కుర్చీ సంగతి చెబితే, అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత నన్నడిగింది: "మమ్మీ అనే అన్నావా?"

"అన్నాను."

"గుడ్ బాయ్" అని రోడ్డు పక్క కాలవ వైపు తిరిగింది.

నేనిప్పుడు మెషిన్ డ్రాయింగులు సరిచూసే ఉద్యోగంలో ఉన్నాను. ఒక భాగం మారిస్తే దాన్ని ఆనుకున్న ప్రతి భాగమూ మారాలి. ఆ ఆదివారం మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. ఇంటర్వ్యూ ఒక్క పూటలో అయిపోయింది, స్కూలు రికార్డులో తల్లి మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రోగ్రెస్ కార్డు మీద పిన్ని సంతకమే ఉండాలి. మూడో తరగతిలో ఒకరోజు నాకు జ్వరం వచ్చిందని ఎదురింటి ఫోనుకి కబురు చేశారు. అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చింది. వాచ్‌మన్ గేటు తియ్యలేదు.

"మీరేమవుతారండి?"

"వాళ్లింట్లో మనిషినండి."

"తల్లిగానీ తండ్రిగానీ రావాలండి. రూలు."

నేను ఆయా పక్కన వరండాలో ఉన్నాను. అమ్మ నన్ను చూసింది. వెనక్కి వెళ్లి పిన్నిని పంపింది.

ఆ స్కూల్లో తొమ్మిదేళ్లు చదివాను. పేరెంట్స్ మీటింగులు ఏడాదికి నాలుగు, మొత్తం ముప్పై ఆరు. అమ్మ వచ్చినవి సున్నా.