రెండు చేతుల ఆట

బ్రూస్‌పేటలో వినూత ఇల్లెక్కడని అడిగితే, ‘‘ఎవరు, పంకజాక్షమ్మ మనవరాలా?’’ అంటారు. జాతీయ టెన్నిస్ ఛాంపియన్ అన్న మాట ఆ తర్వాత వస్తుంది, అదీ ఎవరికైనా గుర్తుంటే. వినూతకు దీని మీద ఎప్పుడూ కోపం రాలేదు. ఆమె ఆట పుట్టింది కూడా పంకజాక్షమ్మ చీవాట్ల మధ్యనే.

వినూతది పుట్టుకతో ఎడమచేతి వాటం. పుట్టింది చూస్తే పసుపు, కుంకుమ, కర్పూరం, బెల్లం అమ్మే వర్తకుల ఇంట్లో. ఎడం చేత్తో కుంకుమ పొట్లం అందిస్తే తీసుకునేవాళ్ళెవరు? అందులోనూ పొద్దున బోణీ వేళ ఎడం చేయి చాస్తే ఆ రోజు వ్యాపారం మూసుకున్నట్టేనని పంకజాక్షమ్మ నమ్మకం. గల్లాపెట్టె ముందు కూర్చున్న అవ్వ, మనవరాలి ఎడం చేయి పైకి లేస్తే చాలు, చెక్క స్కేలుతో ఒకటి అంటించేది. తినడం, రాయడం, ఇచ్చిపుచ్చుకోవడం అన్నీ కుడి చేతికి మారాయి. ఎడం చేయి మాత్రం ఊరుకుంటుందా? అవ్వ కన్ను పడని చోట దాని పని అది చేసుకుంటూనే ఉండేది.

ఇంతలో వినూత తండ్రి గురునాథ్‌కు షుగరు వచ్చింది. డాక్టరు ఏదైనా ఆట ఆడమంటే క్లబ్బులో టెన్నిస్ మొదలుపెట్టాడు. ఆయన ఆట గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మర్యాద. బంతులు ఏరడానికి వెంట వెళ్ళిన కూతురు ఒకరోజు రాకెట్ అందుకుంది. బంతి కుడి పక్కకు వస్తే కుడి చేత్తో కొట్టింది. ఎడం పక్కకు వస్తే రాకెట్‌ను ఆ చేతిలోకి మార్చుకుని కొట్టింది. చేయి మార్చకుండా అడ్డంగా తిప్పి కొట్టే బ్యాక్‌హ్యాండ్ అనేది ఒకటి ఉంటుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చూసినవాళ్ళు నవ్వారు. ఆమెతో ఆడి ఓడినవాళ్ళు నవ్వడం మానేశారు.

టెన్నిస్‌లో ఎవరైనా ముందు అవతలి మనిషి బలహీనమైన పక్క ఏదా అని వెతుకుతారు. వినూతకు అలాంటి పక్క లేదు. కోర్టు కుడి సగం నుంచి కుడి చేత్తో, ఎడమ సగం నుంచి ఎడం చేత్తో సర్వీసు చేసేది. రెండు వైపులా బంతి మెలి తిరిగి బయటికి జారిపోయేది. గట్టిగా కొట్టడం కన్నా కోణం చూసి కొట్టడం ఆమెకు ఇష్టం. అవతలి అమ్మాయిని ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తించి, రొప్పుతూ నిలబడ్డాక, బంతిని ఖాళీలో నింపాదిగా పెట్టేది. అలాగే జూనియర్ల కప్పులు గెలిచింది, జాతీయ ఛాంపియన్ అయ్యింది, థాయ్‌లాండులోనూ టర్కీలోనూ చిన్నచిన్న ప్రొఫెషనల్ టోర్నమెంట్లు గెలిచింది.

ఇంకాస్త పైకి వెళ్ళాక చిక్కు వచ్చింది. వేగంగా సర్వీసు చేసేవాళ్ళు ఆమె గుట్టు కనిపెట్టారు. బంతిని కుడికీ కాకుండా, ఎడమకీ కాకుండా, నేరుగా కడుపు మీదికి కొట్టసాగారు. రాకెట్ ఏ చేతిలో ఉండాలో తేల్చుకునేలోపే పాయింటు పోయేది. బెంగళూరులో ఆమె కోచ్ మాధవ తెగేసి చెప్పాడు: ‘‘ఒక చేయి ఉంచుకో. ఇంకోటి వదిలెయ్.’’

వినూత కుడి చేతిని వదిలేసింది. అది అవ్వ కొట్టి నేర్పిన చేయి, ఎడమది తన సొంతం అనుకుంది. అందులో కాస్త కసి కూడా ఉంది, లేదని ఎందుకనాలి? బ్యాక్‌హ్యాండ్‌ను ఓనమాల నుంచి దిద్దుకుంది. ఏడాది తిరిగేసరికి ర్యాంకు పాతాళానికి పోయింది. ఓడి వచ్చినప్పుడల్లా మాధవ ఓపిక పట్టమనేవాడు. పట్టడానికి ఓపిక ఉంటే కదా! ఈసారి జాతీయ పోటీల్లో గెలవకపోతే ఆట మానేస్తానని తనకు తానే ఒట్టు పెట్టుకుని, పోటీలకు ముందు కొన్నాళ్ళు ఉండి వెళ్దామని ఇంటికి వచ్చింది.

అప్పటికి అవ్వకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. అంగడికి రావడం మానేసింది. వినూత తల్లి పద్మశ్రీ కలిపి నోట్లో పెడితే తింటుంది, లేకపోతే పస్తు. ఒక మధ్యాహ్నం పద్మశ్రీ ఏదో పెళ్ళికని కంప్లికి వెళ్ళింది. వినూత పళ్ళెంలో పప్పూ అన్నం వడ్డించి అవ్వ ముందు పెట్టింది.

‘‘తినవ్వా.’’

‘‘ఈ చేత్తోనా? ఛీ! నాకు ఆకలి లేదు పో.’’

‘‘నేను పెడతా, నోరు తెరువు.’’

‘‘మీ అమ్మతో పెట్టించుకునేదే సిగ్గుగా ఉండాది. నువ్వు గమ్మునుండు.’’

ఆకలి లేదన్న మనిషి కళ్ళు పళ్ళెం మీదే ఉన్నాయి. వినూత తనూ ఒక పళ్ళెం తెచ్చుకుని ఎదురుగా చతికిలబడింది. ఎడం చేత్తో పప్పన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది.

‘‘ఏమే, ఏం చేస్తాండావు?’’ అవ్వ అదిరిపడింది.

‘‘తింటాండా. కనపడలేదా?’’

‘‘మీ నాయన చూస్తే?’’

‘‘చూడనీలే.’’

అవ్వ చాలాసేపు మనవరాలి చేతినే చూసింది. ఆ తర్వాత తన ఎడం చేయి పళ్ళెంలో పెట్టింది. ముద్ద కుదరలేదు, సగం మెతుకులు చీర మీద రాలాయి. మళ్ళీ కలిపింది, మళ్ళీ రాలాయి. వినూత సాయం చేయబోలేదు. ఏడాదిగా తన బ్యాక్‌హ్యాండ్ వాలకం కూడా ఇదేనని తోచి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కాస్త అన్నం లోపలికి పోయాక అవ్వకు మాట వచ్చింది. ‘‘మీ నాయన ఫోన్లో నీ ఆట చూపించినాడు. ఒక చేత్తోనే ఆడతాండావు. కుడి చెయ్యి యాడ పోయిందే?’’

‘‘వదిలేసినా అవ్వా. కోచ్ సార్ వదిలెయ్యమన్నాడు.’’

‘‘నాదంటే దేవుడు తీసుకున్నాడు. నీది బాగనే ఉండాది కదే! ఉన్నదాన్ని ఎట్ల వదుల్తావు?’’

ఆ చేయి అవ్వదని తనెందుకు అనుకున్నదో వినూతకు ఇప్పుడు అర్థం కాలేదు. ఎవరు కొట్టి నేర్పినా, ఇన్నేళ్ళు దాంతో ఆడింది తనే. సాయంత్రం మాధవకు ఫోన్ చేసి, రెండు చేతులతోనే ఆడతానంది. ఆయన ముందు అరిచాడు. తర్వాత నీ ఖర్మ అన్నాడు. కాసేపటికి ఆయనే మళ్ళీ ఫోన్ చేసి, సర్వీసు తీసుకునేటప్పుడు బాగా వెనక్కి నిలబడమన్నాడు. చేయి మార్చుకోవడానికి రవ్వంత సమయం దొరుకుతుందట.

జాతీయ పోటీల్లో మొదటి ఆట తడబడుతూనే గెలిచింది. ఫైనల్లో అవతలి అమ్మాయి కూడా కడుపు మీదికే కొట్టింది. వెనక నిలబడ్డ వినూత ఆ బంతుల్ని అందుకుంది. ఆ అమ్మాయి తెలివైంది, బంతిని నెట్ దగ్గరే పడేయడం మొదలుపెట్టింది. వినూత ముందుకు పరిగెత్తింది, వెనక్కి పరిగెత్తింది, ఒక సెట్టు పోగొట్టుకుంది. ఆఖరి సెట్టులో ఇక ఆలోచించే శక్తి కూడా మిగల్లేదు. అలాగే ఆడి గెలిచింది.

కోర్టు బయటికి రాగానే గురునాథ్ ఫోన్ చేసి అవ్వ చెవి దగ్గర పెట్టాడు.

‘‘గెల్చినావంటనే?’’

‘‘గెల్చినా అవ్వా.’’

‘‘ఆఖరు బంతి ఏ చేత్తో కొట్టినావు?’’

వినూత గుర్తు చేసుకోబోయింది. బంతి మూలన పడడం గుర్తుంది, అవతలి అమ్మాయి చాచిన రాకెట్ గుర్తుంది. తన చేయి మాత్రం ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.

‘‘తెల్దవ్వా,’’ అంది.

అవతల అవ్వ నవ్వుతోంది. ఇవతల వినూతకు ఏడుపు ఆగలేదు.