గోడ కింద పాతర

అన్నదమ్ములు వేరుపడిన రోజున పెద్దమనుషులు ఇంటిని తాడు వేసి పంచారు. తాడు నేల మీద వేశారు. నేల కింద ఏముందో ఒక్కడికీ తట్టలేదు. ఐదుగురు మీసాలున్న మనుషులు, ఒక్కడికీ తట్టలేదు! తాడు పడిన చోటే రాళ్లూ మట్టీ పెట్టి గోడ లేపారు. ఇటు మేము, అటు మా బావ, తోటికోడలు.

లోపలి గదిలో జొన్నల పాతర ఉండేది. పాతరంటే మా నారాయణపేట దిక్కు తెలియనివాళ్లు లేరు. మనిషి దిగేంత మూతి, కింద కుండలాగా వెడల్పయిన గొయ్యి. చుట్టూ చొప్ప పరచి, జొన్నలు నింపి, బండ మూసి మన్ను మెత్తుతారు. మూతి మా వైపు వచ్చింది. కడుపు మాత్రం గోడ కిందుగా బావ వైపుకు సాగింది. మూతి ఎవరి వైపుంటే జొన్నలు వాళ్లవేనని మా ఆయన తేల్చేశాడు. నేనూ తల ఊపాను. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. నాకు ఇద్దరు పసిపిల్లలు. మళ్లీ పంట చేతికొచ్చేదాకా మాకున్న తిండి ఆ జొన్నలే. బావ ఇంట్లో అప్పటికే గింజ లేదు.

శ్రావణంలో గోడ అవతల దబదబమని చప్పుడు మొదలైంది. గుంజ పాతుకుంటున్నాడేమో అనుకున్నాం. మూడో రోజు పొద్దున రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్క నేల జానెడు కుంగింది. మా ఆయన పార అందుకుని అవతలికి ఉరికాడు. వెనకే నేను, మూలనున్న రోకలి పట్టుకుని.

బావ పునాది రాళ్లు పీకేసి గోడ కింద నడుము దాకా దూరి ఉన్నాడు. బయట కాళ్లే కనిపిస్తున్నాయి.

"అన్నవా, పందికొక్కువా? నా పిల్లల నోటికాడి కూడు గుంజుకుంటవా?" అంటూ మా ఆయన కాళ్లు పట్టి ఈడ్చాడు.

"మూతి నీ దిక్కుంటే కడుపు నా దిక్కున్నది! నా జాగల నేను తవ్వుకుంటున్న, నువ్వెవడివిరా?" గొయ్యిలోంచే అరిచి, బావ మడమతో తన్నాడు. మా ఆయన ముందుపన్ను ఊడిపడింది. ఆయన పార కామతో పిక్కల మీద బాదాడు. తోటికోడలు మా ఆయన జుట్టు పట్టి వాకిట్లోకి లాక్కుపోయింది. నేను ఊరుకుంటానా? రోకలితో దాని వీపు మీద ఒకటి వేశాను. ఇంకోటి వేశాను. హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి?

బావ మళ్లీ లోపలికి దూరాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. గోడ అడుగు నుంచి దూలం దాకా బీట తీసింది. బీటలోంచి మట్టి సన్నగా రాలుతోంది. మొగుడూ తోటికోడలూ వాకిట్లో కొట్టుకుంటున్నారు. చూసింది నేనొక్కదాన్నే.

నోరు తెరవలేదు. పడనీ అనుకున్నాను. పడితే జొన్నలు మావే అనుకున్నాను. బావా, బయటికి రా అనడానికి ఎంతసేపు పడుతుంది? అంత వ్యవధి ఉంది నాకు.

పైనుంచి రెండు రాళ్లు జారాయి. అప్పుడు భయం పుట్టి గొంతు చీలేలా అరిచాను. బావ వెనక్కి పాకాడు. తల బయటపడింది, కుడిచేయి పడలేదు. గోడంతా దాని మీదే కూలింది. మా ఆయన పార పారేసి, గోళ్లు ఊడేలా మట్టి తోడుతూ "అన్నా, అన్నా" అని ఏడ్చాడు.

పాలమూరు దవాఖానలో చేయి మోచేతి దాకా తీసేశారు. జొన్నలు ఎవరూ అడగకుండానే సగం సగం పంచుకున్నాం.

చాన్నాళ్లకు ఒకరోజు బావ మా ఇంట్లో తినడానికి కూర్చుని, నలుగురూ వింటుండగా అన్నాడు: "బిడ్డా, ఆ దినం నువ్వు ఒర్రకపోతే నా తలకాయ పోతుండె. నీ పున్నెంతోని బతికిన."

తోటికోడలు నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది. బావ ఒంటి చేత్తో రొట్టె తుంచుకోలేక అవస్థ పడుతుంటే, తుంచి పళ్లెంలో వేశాను.