సత్తిరాజు ప్రమాణం

సత్తిరాజుని దొంగ అన్నవాళ్ళలో నేను లేను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చివరికి అతనికి అందరికంటే ఎక్కువ కీడు చేసింది నేనే.

రామచంద్రపురంలో మా విత్తనాల కంపెనీ ఆఫీసుకి అతను అటెండరు, నేను టైపిస్టుని. ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. పొద్దున్న ఎనిమిదింటికల్లా వచ్చి తాళం తీసి, ఊడ్చి, కుండలో నీళ్ళు పోసి, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని పనిలో పడేవాడు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. టీకి పది రూపాయలిస్తే మిగిలిన చిల్లర బల్లమీద పరిచి "చూసుకోండి మూర్తిగారూ" అనేవాడు. చూసుకునేదాకా కదిలేవాడు కాదు. "నీ నిజాయితీ తగలెయ్య, నన్ను పని చేసుకోనివ్వవయ్యా" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు.

2008 వేసవిలో ఆఫీసుకి కొత్త జిరాక్సు మిషను వచ్చింది. కొన్నది కాదు, కాకినాడలో ఒక డీలరు దగ్గర అద్దెకి తెచ్చింది. నలుపు కాపీకి అర్ధరూపాయి, కలర్ కాపీకి ఎనిమిది రూపాయలు. దేని మీటరు దానిదే, నెలాఖరుకి చూసి బిల్లు వేస్తారు. మాకు కలర్‌తో పనేంటి? రైతుల పాస్‌పుస్తకాలు, విత్తనాలు పట్టుకెళ్ళిన చీటీలు, అంతే. రోజుకి వంద కాపీలు. మిషను బిగించినతను ఆకుపచ్చ బటన్ చూపించి "ఇది నొక్కండి చాలు, మిగతాదంతా మిషనే చూసుకుంటుంది" అన్నాడు. సత్తిరాజు ఆ బటన్ తప్ప ఇంకోదాని మీద వేలు పెట్టి ఎరగడు.

అక్టోబరు బిల్లు చూసి మా మేనేజరు సుధాకర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కలర్ కాపీలు పద్దెనిమిది వందలట. డీలరుకి ఫోన్ చేస్తే "మీటరు అబద్ధం చెప్పదండి, మీవాళ్ళెవరో తీసుంటారు" అన్నాడు. ఫైళ్ళన్నీ తిరగేశాం. అన్నీ నల్లకాపీలే. మరి ఆ రంగుల కాగితాలు ఎటు పోయినట్టు? తాళాలు సత్తిరాజు దగ్గరే ఉంటాయి. పొద్దున్నపూట ఒక్కడే ఉంటాడు. పైగా ఆ నెల్లోనే తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఆఫీసులో అందరికీ రంగుల కార్డులు పంచాడు. ఇంకేముంది, అందరూ తలో చెయ్యీ వేసి దొంగని తయారుచేసేశారు.

"కార్డులు మండపేట ప్రెస్సులో కొట్టించామండి. రసీదు కూడా ఉందండి" అన్నాడు సత్తిరాజు.

"కార్డులు రెండొందలు. కాపీలు పద్దెనిమిది వందలు. మిగతావి ఊళ్ళో అమ్ముకున్నావా ఏంటి?" అన్నారు సుధాకర్ గారు నవ్వుతూనే.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, ఇతను ద్రాక్షారామంలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తాడు. అప్పుడైనా నమ్ముతారా?" అనేశాను. మా వైపు నింద పడ్డవాడికి ఆఖరి దారి అదే. అబద్ధమాడి కర్పూరం ఆర్పితే వంశం నిలవదంటారు. దొంగ అయినవాడు ఆ గడప తొక్కడు. సత్తిరాజు వెంటనే ఒప్పుకున్నాడు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని "మంచి మాట అందించారండి" అన్నాడు.

కార్తీకమాసం రెండో సోమవారం సుధాకర్ గారితో కలిసి ముగ్గురం వెళ్ళాం. సత్తిరాజు తడిబట్టలతో భీమేశ్వరస్వామి ధ్వజస్తంభం ముందు నిలబడి, తమలపాకు మీద కర్పూరం వెలిగించాడు. "ఆ మిషన్లో నా చేతివల్ల ఒక్క కలర్ కాపీ కూడా రాలేదు స్వామీ. వచ్చుంటే నా ఇల్లు నిలవకూడదు" అని అరచేత్తో మంట అణిచేశాడు. చెయ్యి చురుక్కుమని కాలింది. అతనికి రాముడొక్కడే కొడుకు. కోడలికి అప్పుడు నాలుగో నెల. అంతమాట ఎందుకన్నావయ్యా అని నేను అడగలేదు. నిజం చెప్పేవాడికి భయమేంటని నాకు ఆ పూట గర్వంగా కూడా ఉంది.

నవంబరు బిల్లులో కలర్ కాపీలు రెండు వేల నాలుగొందలు. "నీ ప్రమాణమూ నువ్వూ బాగానే ఉన్నారు, బిల్లు కట్టలేక నేనే చస్తున్నాను. రేపట్నుంచి రావద్దు" అన్నారు సుధాకర్ గారు. సత్తిరాజు తాళాలు నా బల్లమీద పెట్టి "స్వామికి తెలుసండి, నాకది చాలు" అని వెళ్ళిపోయాడు. ఊళ్ళో జనం ఏమనుకున్నా తల వంచకుండానే తిరిగాడని విన్నాను.

డిసెంబరంతా ఆకుపచ్చ బటన్ నేనే నొక్కాను. నెలాఖరుకి మళ్ళీ రెండు వేల మూడొందలు. అప్పుడు దొంగ ఎవరు, నేనా? ఆ మాటే సుధాకర్ గారి మొహాన అడిగేశాను. దాంతో ఆయన గట్టిగా అడిగితే డీలరు మెకానిక్ విష్ణుని పంపించాడు. అతను మిషను మూత ఎత్తి, లోపలి తెల్లటి అట్టని వేలితో రుద్ది చూసి, "ఇక్కడ పసుపు ఎవరు పూశారండి?" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. దసరానాడు ఆయుధపూజకి సైకిల్ దగ్గర్నుంచి బీరువాదాకా అన్నిటికీ బొట్లు పెట్టింది సత్తిరాజే. అద్దె మిషను కదా, పైన మరకలు పడకూడదని సుధాకర్ గారు ముందే గట్టిగా చెప్పారు. అన్నం పెట్టే మిషన్ని బొట్టు లేకుండా వదలడానికి ఇతనికి మనసొప్పలేదు. ఎవరికీ కనబడదని మూత ఎత్తి లోపల పసుపురాసి కుంకం పెట్టాడు. నేను పక్కనే ఉండి నవ్వాను. మర్నాడు తడిగుడ్డతో తుడిచాడు. కుంకం పోయింది గానీ పసుపు పోతుందా? మా చీటీలు చిన్నవి, వాటి పక్కనుంచి ఆ మరక మిషనుకి కనబడేది. రంగుంది కదా అని ప్రతి కాగితాన్నీ కలర్ కింద లెక్కేసుకునేది. ఒక పాత కాపీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూస్తే ఓ మూల ఉందా లేదా అన్నట్టు పసుపు ఛాయ కనబడింది.

సుధాకర్ గారు అప్పటికప్పుడు "పిలుచుకు రండి, ఆగిన జీతం కూడా ఇప్పిస్తాను" అన్నారు. నేను సైకిల్ తొక్కుకుంటూ కాలవగట్టు మీదున్న సత్తిరాజు ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళాను. అంత సంతోషంగా ఎవరింటికీ వెళ్ళి ఎరగను.

అంతా విన్నాడు. "అంటే ఆ కాపీలన్నీ నా పసుపువల్ల కలర్ అయ్యాయా అండి?"

"అంతేనయ్యా. దొంగవి కాదని తేలిపోయింది. రేపు పనిలోకి వచ్చేయ్."

అతను అరచేతిలో మచ్చ చూసుకుంటూ కూర్చున్నాడు. "నా చేతివల్ల రాలేదని కదండీ స్వామికి చెప్పాను."

"నీకు తెలియదు కదయ్యా!"

"తెలియదని చెప్పలేదండి మూర్తిగారూ. రాలేదని చెప్పాను."

బతిమాలాను, తిట్టాను. పూజారిగారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన "తెలియక అన్నదానికి దోషం లేదు, అభిషేకం చేయించుకో" అన్నారు. చేయించుకున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో "పూజారిగారు పెద్దమనసుతో అన్నారండి" అన్నాడు, అంతే. పనిలోకి మాత్రం రాలేదు.

ఏప్రిల్లో రాముడికి కొడుకు పుట్టాడు. బారసాలకి వెళ్ళాను. పిల్లాడు శుభ్రంగా, బొద్దుగా ఉన్నాడు. సత్తిరాజు భార్య, పేరు పాపాయి, పిల్లాణ్ణి తెచ్చి తాత ఒళ్ళో పెట్టబోతే, అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని అరుగు చివరికి జరిగిపోయాడు. పుట్టినప్పట్నుంచీ ఒక్కసారి కూడా ముట్టుకోలేదట. తన చెయ్యి తగలకపోతే వాడు బతుకుతాడని అతని ఆశ.

నాకు విస్తరి వేస్తూ పాపాయి మెల్లిగా అంది: "ఆ మరక సంగతి మీరు చెప్పకుండా ఉంటే బాగుండునండి. దొంగన్నప్పుడు కూడా ఆయన నిద్రపోయేవారు."