దుమ్ము గడ్డ అనుకున్నాం

గోదావరిఖని బొగ్గుబాయి పనివాళ్ళకు ఒక నమ్మకం ఉండేది, ఒంట్లోకి పోయిన దుమ్మును బెల్లం దింపుతుందని. షిఫ్టు దిగి ఇంటికి రాగానే ముందు బెల్లంముక్క, ఆ తర్వాతే స్నానం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో, బాయి దిగే మా అన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఎక్కడో దక్షిణాన పెద్ద దవాఖానలో మమ్మల్ని కన్న అవ్వ కిడ్నీ ఒకటి తీసి అన్నకు పెట్టారు. బతికి వచ్చాడు. ఇక బాయి దిగొద్దని, పైన ల్యాంపు రూంలో టోపీ దీపాలు ఇచ్చే డ్యూటీ వేశారు. పరాయి కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా రోజూ గోలీలు మింగాలి. పొద్దున్నే అవ్వే తన చేత్తో ఇచ్చేది. "నా పానంల సగం నీకిచ్చిన, పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పేది.

రెండేళ్ళకు అన్న మెడ కింద గడ్డ లేచింది. నొప్పి లేదు. ముప్పై ఏళ్ళు బాయిలో చేసిన పక్కింటి కాక తడిమి చూసి తీర్పు చెప్పేశాడు. "పాత దుమ్మే, గడ్డ కట్టింది. బెల్లం పెట్టుండ్రి, కరుగుతది."

బాయి దిగక రెండేళ్ళయిన మనిషికి దుమ్మెక్కడిదని ఒక్కరమూ అడగలేదు. సంతకు పోయి బెల్లం మోసుకొచ్చింది నేనే. ఐదు నెలలు పెట్టాం. పక్కన ఇంకో రెండు గడ్డలు లేచాయి, జ్వరం పట్టుకుంది. మంచి బెల్లం తేలేదని అవ్వ నన్ను తిట్టింది.

అప్పుడు పోయాం పట్నం. ముక్క కోసి చూసి, గ్రంథుల క్యాన్సరన్నారు. కిడ్నీని కాపాడే గోలీలే రోగంతో కొట్లాడే శక్తిని తగ్గిస్తాయని, చిన్నప్పుడెప్పుడో సోకి ఊరకే పడివున్న వైరస్ ఆ సందులో లేచి ఇంత పని చేసి ఉండొచ్చని డాక్టరు చెప్పాడు. ఇప్పుడిప్పుడే తెలుస్తున్న సంగతట. గోలీలు తగ్గిస్తే గడ్డలు కరగొచ్చు, కిడ్నీ మాత్రం పోవచ్చు.

"పోతే పోనియ్యి సారూ. ఇంకొకటున్నది గద, అది తీసి పెట్టుండ్రి" అంది అవ్వ.

డాక్టరు గోలీలు సగానికి తగ్గించి చీటీ రాశాడు.

ఇంటికొచ్చాక అన్న అవ్వ ముందు సగం గోలీలే మింగేవాడు. మిగతావి దొంగచాటుగా ల్యాంపు రూంలో. సద్ది ఇవ్వడానికి పోయి, దీపాల వెనక దాచిన సీసా నేను చూశాను.

"అవ్వ పక్క కోసుకొని ఇచ్చింది. పాడు చేస్తనా చెల్లే?" అన్నాడు.

అవ్వకు చెప్తానని అరిచాను. చెప్పలేదు. బెల్లం తెచ్చిన రోజు లేవని నోరు ఆ రోజూ లేవలేదు.

వానాకాలం దాటలేదు. అన్న పోయిన రోజు, చివరి పరీక్షల కాగితం చూసి డాక్టరు ఓదార్పుగా అన్నాడు. "కిడ్నీ మాత్రం ఆఖరు దాకా మంచిగనే ఉండెనమ్మా."

అవ్వ తలెత్తింది. "ఎవలికి మంచిగున్నది సారూ?"