డబ్బా అనాస, పచ్చి అనాస

మా అమ్మాయి కిందటి నెలలో ఒక ఓవెన్ కొంది. పని పూర్తికాగానే అది నాలుగుసార్లు కూత పెట్టి, ఇక వచ్చి తీసుకోండి అన్నట్టు ఊరుకుంటుంది. మొన్న ఆదివారం అందులో బ్రెడ్డూ అనాస ముక్కలూ వేసి పుడ్డింగు చేసింది. మధురవాడలో ఈ తొమ్మిదో అంతస్తు ఇంట్లో బల్ల ముందు కూర్చుని, ఎక్కడా పగులన్నది లేకుండా పేరుకున్న ఆ పుడ్డింగును తింటూ, వంటగట్టు మీద మూత ఊడదీసి పెట్టిన అనాస డబ్బాను చూశాను. చూశాక చెంచా కింద పెట్టేశాను. దానికి కారణం చెప్పాలంటే యాభై ఏళ్ళు పైగా వెనక్కి వెళ్ళాలి, ఒక దొంగతనం కూడా ఒప్పుకోవాలి.

అప్పట్లో నాన్నకు పోర్టులో ఉద్యోగం, మాకు పోర్టు క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, ఓడలో వంటవాడు. ఎనిమిదేసి నెలలు సముద్రం మీద తిరిగి, సెలవుకు వస్తే మా ఇంట్లోనే దిగేవాడు. అమ్మమ్మా మా దగ్గరే ఉండేది. వచ్చినప్పుడల్లా మామయ్య పుడ్డింగు చేసేవాడు. ఓవెన్ ఎక్కడిది మాకు? వరండాలో బొగ్గుల కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి, అందులో జల్లించిన ఇసక పోసి, ఆ ఇసకలో పింగాణీ గిన్నె దించి, పైన మూత, మూత మీద మళ్ళీ నిప్పులు. నా వయసు వాళ్ళకు ఈ ఏర్పాటు గుర్తుండే ఉంటుంది, కేకులు చేసుకున్న ఇళ్ళన్నీ అలాగే చేసుకున్నాయి. అది ఉడికే గంటసేపూ మామయ్య కుంపటి దగ్గరనుంచి కదిలేవాడు కాదు. ఎవరైనా మూత ఎత్తి చూడబోతే చేతిమీద గరిటెతో ఒక్కటి పడేది, అందులో అమ్మమ్మకు కూడా మినహాయింపు లేదు.

అంత పనిమంతుడికి పిల్లనివ్వడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. గరిటె పట్టుకునేవాడికి పిల్లనెలా ఇస్తామని ఒకరు, నీళ్ళ మీద బతికేవాడికి ఎలా ఇస్తామని ఒకరు, రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది పద్మనాభం ఊరివైపు రైతులది. ఇది కూడా తప్పితే ఇక పెళ్ళి మాట ఎత్తొద్దు, ఓడ ఎక్కి పోతాను, మళ్ళీ రాను అని మామయ్య అమ్మమ్మతో తేల్చి చెప్పేశాడు. పిల్ల తండ్రికి సింహాచలంలో మొక్కు ఉంది, అది తీర్చుకుని పిల్లతో సహా నేరుగా మా ఇల్లు చూసుకోవడానికి వస్తామని కబురు పంపారు. వాళ్ళకు పుడ్డింగు పెట్టాలని మామయ్య పట్టుబట్టాడు. గుడినుంచి వచ్చేవాళ్ళు ముట్టరని గుడ్డు మానేసి కస్టర్డు పొడి కలుపుతానన్నాడు. ఇందుకోసమే ఓడనుంచి తెచ్చిన అనాస డబ్బా ఒకటి ట్రంకు పెట్టె మీద దాచాడు.

ఆ డబ్బాను అంతకు నాలుగురోజుల ముందే అక్కా నేనూ తినేశాం. మేకు పెట్టి రోకలితో కొట్టి చిల్లు చేసి, రసం తాగి, చిల్లును పెద్దది చేసి ముక్కలు వేళ్ళతో పీక్కుని తిని, ఖాళీ డబ్బాను బొగ్గుల బస్తా వెనక దోపాం. వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే డబ్బా కనపడక మామయ్య ఇల్లంతా వెతికాడు. మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా జడలు వేసుకుంటూ కూర్చున్నాం. చివరికి అమ్మమ్మే ఎవరికో ఇచ్చేసి మర్చిపోయి ఉంటుందని తీర్మానమైంది, పాపం ఆవిడ తనూ నమ్మేసింది. నాన్న పరుగున పూర్ణామార్కెట్‌కు వెళ్ళి రెండు అనాస పళ్ళు తెచ్చాడు. మామయ్య వాటిని ముక్కలు కోసి, పాలల్లో తడిపిన బ్రెడ్డులో ఎప్పటిలాగే పొద్దున్నే కలిపి నానబెట్టాడు. ఓడలో ఎన్నేళ్ళు వండినా అతను వాడింది డబ్బాల్లో ఉడికి వచ్చిన అనాసే. పచ్చిది పాలల్లో పడితే ఏమవుతుందో చూసే అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

మధ్యాహ్నానికి వాళ్ళొచ్చారు. గిన్నె తెరిస్తే పుడ్డింగు నీళ్ళోడుతూ విరిగిపోయి ఉంది. అయినా పెట్టక తప్పలేదు. పిల్ల తండ్రి ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మింగలేక మింగి, కండువా దులిపి లేవబోయాడు. అమ్మ మొహంలో నెత్తుటిచుక్క లేదు. అక్కా నేనూ తలుపు వెనక్కి జరిగాం.

అప్పుడు మాట్లాడింది ఆ పిల్ల. పెళ్ళిచూపుల్లో పిల్ల తలెత్తడమే తప్పైన రోజులవి.

"సేదుగుంది. పచ్చి అనాస పాలల్లో ఎయ్యకూడదు. బెల్లంతో ఉడకబెట్టి, సల్లారినాక ఎయ్యాల" అంది.

అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. తండ్రి కళ్ళెర్రజేశాడు. మామయ్య మాత్రం తనూ ఒక చెంచా తిని, మొహం వికారంగా పెట్టి, అందరి ముందూ ఆ పిల్లతోనే అన్నాడు: "నిజమే, సేదే. డబ్బాదే తప్ప పచ్చిది నాకు తెల్దు. ఎంతసేపు ఉడకాల?"

వాళ్ళిద్దరూ పాకం గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారో నాకు గుర్తులేదు, తండ్రి మళ్ళీ కూర్చున్నాడని మాత్రం గుర్తుంది. రెండు నెలల్లో పెళ్ళయింది. ఆ తర్వాత ఏటా అనాసల కాలంలో అత్త ముక్కలు బెల్లంలో ఉడికించేది, మామయ్య ఇసకలో గిన్నె దించేవాడు. మూత ఎత్తి చూడబోయినందుకు అత్తక్కూడా గరిటె దెబ్బలు పడ్డాయి.

మామయ్య పోయి నాలుగేళ్ళయింది. అత్త గాజువాకలో కొడుకు దగ్గరుంది. ఆదివారం మిగిలిన పుడ్డింగును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మర్నాడు వెళ్ళాను. తిని, బాగుందంది, ఇంకో చెంచా నోట్లో పెట్టుకుని "సేదు లేదేటే?" అంది. ఇక దాచలేక, డబ్బా సంగతంతా చెప్పేశాను. అక్క కూడా లేదు ఇప్పుడు, నేనూ చెప్పకపోతే ఆ నింద అమ్మమ్మ మీదే ఉండిపోతుంది.

అత్త కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఓలమ్మో! అయితే నా పెళ్ళికి పెళ్ళిపెద్దవి నువ్వేనేటే? అంతమందిలో నాకు తెల్దు అని ఒప్పుకున్న మగోణ్ణి నాను అంతకుముందు సూళ్ళేదు. సేదుగా లేకపోతే ఏటడుగుదును? తినేసి ఎల్లిపోదును."

ఇప్పుడు అనాస డబ్బాలు ఏ కొట్లో చూసినా వరసగా పేర్చి ఉంటున్నాయి. కొలతలు ఫోనులో దొరుకుతాయి, ఓవెన్ తనే ఆరిపోతుంది. చెడిపోయే వీలు లేకుండా అన్నీ అమరిపోయాయి. చెడితే గాని కలవని మనుషులు ఇప్పుడు ఎలా కలుస్తున్నారో నాకు తెలియదు. అడిగితే మా అమ్మాయి నవ్వుతుంది.

వచ్చేటప్పుడు అత్త ఒకటే కోరింది, ఈసారి మీ మావ ఆ రోజు చేసినట్టే చేసి తెమ్మని. నిన్న సింహాచలం కొండ కింద అడివివరం నుంచి రెండు పళ్ళు తెప్పించి, పచ్చిగానే కోసి పాలల్లో వేస్తుంటే మా అమ్మాయి వచ్చి, అలా వేస్తే చేదవుతుందమ్మా అంది. తెలుసు, అన్నాను.