ఉరికేటోళ్ల జాకెట్

కరీంనగర్‌లో ఆటల సామాన్ల దుకాణంలో నిలబడి పరుగుకు జాకెట్ చూస్తున్నాను. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపితే పరపరమని చప్పుడైంది. ఆ చప్పుడు, కొత్త బట్ట వాసన కలిసి నన్ను తీసుకెళ్లి ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో మా హైస్కూలు గ్రౌండులో నిలబెట్టాయి. దుకాణదారు మాత్రం బొంతలాంటి జాకెట్ ఒకటి ముందు పెట్టి "వెచ్చగుంటది మేడం" అంటూనే ఉన్నాడు. మరీ వెచ్చనిది పరుగుకు పనికిరాదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. నాకు జుబేదా మేడం చెప్పింది.

జుబేదా మేడం మా స్కూల్లో ఆటల టీచరు. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే ఆడపిల్లలకు పొద్దున్నే పరుగు నేర్పేది. ఆమెను ఆ పని చేయమని ఎవరూ అడగలేదు. ఆదిలాబాద్ చలి తెలియనివాళ్లకు ఎలా చెప్పాలి? పత్తి ఏరే రోజుల్లో నోరు తెరిస్తే పొగ వస్తుంది, చెవులు ఉన్నాయో ఊడాయో తెలియదు. మొదటిరోజు నేను బాపు స్వెటరు, దానిమీద అన్న కోటు వేసుకొని, తలకు అవ్వ శాలువా చుట్టుకొని వెళ్లాను. మేడం నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏం బిడ్డా, ఉరుకనీకి వచ్చినవా, పండనీకి వచ్చినవా?"

"చలి పెడుతుంది మేడం."

"పెట్టాలె. సురువుల జర చలి పెట్టకుంటే నడుమిట్ల చెమటల మునుగుతవు. గా చెమట సల్లబడితే జరమే."

నేను వినలేదు. మొండితనం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. రెండు రౌండ్లకే ఒళ్లంతా తడిసింది, ఆగి కూర్చున్నాక ఆ తడే వణికించింది. మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. నాలుగో రోజు మేడం ఇంటికే వచ్చింది. తిట్టడానికేమో అనుకున్నాను. ఆమె ఒక పాత పేపరు మడతపెట్టి నా చేతికిచ్చి, టీషర్టు లోపల ఛాతీ మీద పెట్టుకొమ్మంది. "గాలి ఆపితే సాలు బిడ్డా. ఒళ్లు వేడెక్కినంక తీసి పారెయ్" అంది.

ఆ చలికాలమంతా మేం లోపల పేపర్లు పెట్టుకొనే పరిగెత్తాం. రెండో రౌండు అయ్యేసరికి గ్రౌండంతా పేపర్లే. వాటిని ఏరి, మడతపెట్టి మరుసటి రోజుకు దాచేది ఆమె. పరుగు ఆపగానే ఒక్కొక్కరి వెనక నిలబడి మెడ మీద చెయ్యి పెట్టి చూసేది. తడి తగిలితే పొడిబట్ట మార్చుకొనేదాకా ఇంటికి పోనిచ్చేది కాదు. కన్నతల్లి, మా అవ్వ కూడా నన్నంత కనిపెట్టుకొని చూడలేదు, ఈ మాట అవ్వ వింటే ఊరుకోదు గానీ. ఇప్పటికీ పరుగు ఆపాక కాసేపు కదలకుండా నిలబడతాను. ఆ చెయ్యి మెడమీద పడితే బాగుండునని నాకు నిజంగా ఏడుపొస్తుంది.

నాకు ఉద్యోగం వచ్చింది. ట్రైనింగు, పోస్టింగు, వేములవాడ బందోబస్తులు. రెండేళ్ల కిందట చలి మొదలవగానే ఆమె కోసం ఒక జాకెట్ కొన్నాను. చేతులు పైకెత్తితే నడుం దగ్గర గాలి దూరుతుందేమో చూశాను. చంకల కింద చెమట ఆరడానికి సందులున్నాయో లేదో చూశాను. మడిస్తే గుప్పిట్లో పట్టేంత పల్చన. ఆమె నేర్పినవన్నీ చూసే కొన్నానని మురిసిపోతూ బోథ్ వెళ్లాను.

గ్రౌండులో ఆడపిల్లలు ఉరుకుతున్నారు. మేడం కుర్చీలో కూర్చొని ఉంది. మనిషి సగమైపోయింది. గుండెజబ్బట, ఏడాదిగా ఉరకడమే లేదట. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా నా ముచ్చట్లే చెప్పుకునేదాన్ని. ఆమె జాకెట్ తొడుక్కొని, చేతులు చాపి చూసుకొని నవ్వింది.

"మస్తుగుంది బిడ్డా. గని గిది ఉరికేటోళ్లది. నాకిప్పుడు కూసునేటోళ్లది కావాలె."

ఎంత సిగ్గేసిందో చెప్పలేను. "వచ్చే ఆదివారం దొడ్డుది తెస్త మేడం" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. నీ డ్యూటీ సూసుకో."

ఆ ఆదివారం బందోబస్తు పడింది. మరుసటి ఆదివారం కూడా. సెలవు అడగొచ్చు, అడగలేదు. దొడ్డు జాకెట్ మాత్రం కొని బీరువాలో పెట్టాను, ముదురు నీలం రంగుది. మూడో వారం ఆమె భర్త ఫోన్ చేశాడు. మేమంతా ఆయనను చాచా అంటాం.

"మీ మేడం పోయింది బిడ్డా" అన్నాడు. "రోజు నువ్విచ్చిందే ఏసుకొని గ్రౌండుకు పోతుండె. లోపట రెండు స్వెటర్లు తొడుక్కొని."

ఇప్పుడు ఎవరికైనా ఏదైనా ఇవ్వాలనుకుంటే నేను ఆదివారం దాకా ఆగను. సెలవు కోసం ఎంత గొడవైనా పెట్టుకుంటాను, మా స్టేషన్‌లో అందరికీ అది అలవాటైపోయింది. అవ్వకు మోకాళ్ల నొప్పులని తెలిసిన రోజే బస్సెక్కాను. ఆ తర్వాత ఎవరి దగ్గరికీ ఆలస్యంగా వెళ్లలేదు. మేడం ఒక్కదాని దగ్గరికే వేళకు వెళ్లలేకపోయాను.