ఘాట్ మీద సోమ్డి కబుర్లు

పోయినేడు చలికాలం. ఇనుప గనుల ఊరు బచేలి నుంచి ఆకాశ్‌నగర్ కొండ మీదికి సైకిల్ రేసు, చివరి రోజు. నేను మా అమ్మాయిల జట్టుకి మెకానిక్‌ని. జీపులో చక్రాలు, ట్యూబులు వేసుకుని వెనకాల పోవుడు, పంక్చరైతే చక్రం మార్చుడు, మిగతా టైమంతా అరుచుడు నా పని. అరుచుట్లో నన్ను మించినోడు బస్తర్‌లో లేడు.

మా లీడర్ రత్న, గని కాలనీ పిల్ల. ఆ రోజు అందరికంటే ముందు పైకి చేరినామెకే నేషనల్ క్యాంపులో చోటు. వయసు దాటిపోతున్నది కాబట్టి రత్నకి అదే ఆఖరి అవకాశం. ఆమెకి తోడు ఆవపల్లి పిల్ల సోమ్డి. ఇట్లాంటి తోడు రైడర్‌ని డొమెస్టిక్ అంటం. తను గెలవడానికి కాదు, లీడర్‌ని గెలిపించడానికి తొక్కుతది.

ఘాట్ రోడ్డు ఎక్కుడు మొదలైందో లేదో, సోమ్డి పోటీ జట్లోళ్ళ పక్కకి పోయి హిందీలో కబుర్లు పెట్టింది. పొద్దున ఏం తిన్నవ్ దీదీ, మీ ఊళ్ళో చలెట్లుంది అని! నాకు ఒళ్ళు మండింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంది పిల్లా, సంతకి పోతున్నవా? ఊపిరి దాచుకో!" అని కేకేసిన.

నీళ్ళ సీసా కోసం జీపు పక్కకొచ్చి నవ్వింది.

"అన్నా, మేం ఇప్పపువ్వు మోసుకుని కొండెక్కేటప్పుడు వెనకోళ్ళు ముందోళ్ళని మాట్లాడిస్తనే ఉంటరు. ఎవరన్నా 'ఊ' అని ఊరుకున్నరంటే పనైపోయినట్టే. అందరం ఆగి వాళ్ళ బరువు దింపుతం. ఆ పసుపు జెర్సీ దీదీ ఇప్పుడే 'ఊ' అన్నది."

అబ్బ, ఏం తెలివి! ఆ మలుపులోనే మావాళ్ళిద్దరూ సీటు మీంచి లేచి తొక్కిన్రు. ఇట్ల ఉన్నట్టుండి గుంపుని వదిలి దూకడాన్ని అటాక్ అంటం. పసుపు జెర్సీ అక్కడే చతికిలబడ్డది. మిగతావాళ్ళు మాత్రం వెనక నుంచి తరుముతనే ఉన్నరు.

పైకి పోయినకొద్దీ ఎదురుగాలి. "అక్కా, ఎట్లుంది?" అని సోమ్డి అడిగింది.

"ఊ" అన్నది రత్న.

అంటే రత్న పనైపోయినట్టే. సోమ్డి కాళ్ళలో ఇంకా సత్తువుంది, ఒక్కతే పోతే గెలుపు ఆమెదే. ఆ క్యాంపు మీద ఆమెకి ఆశ లేదనుకునేరు, రోజూ దాని మాటే. "పో సోమ్డీ! నువ్వన్నా పో!" అని నేనే అరిచిన.

పోలేదు. సోమ్డే రత్నకి ముందుగా పోయి గాలికి అడ్డంగా తొక్కింది. వెనకామెకి శ్రమ తగ్గించే ఈ పద్ధతే డ్రాఫ్టింగ్. తొక్కుకుంటనే అడుగుతున్నది.

"అక్కా, ఇంటికి పోయి ఏం కూర వండుతవ్?"

"ఊ."

"మీ అమ్మ వచ్చిందా అక్కా?"

"ఊ."

ఆఖరి మలుపు కాడ రత్నకి ఊపిరి తిరిగింది. "వచ్చింది, గేటు కాడ నిలబడుంటది, నువ్వు నోరు మూసుకుని తొక్కవే తల్లీ!" అని కసిరింది.

"ఇంక పో అక్కా" అని సోమ్డి పక్కకి తప్పుకుంది.

రత్న గెలిచింది. జనం ఆమెని పైకెత్తి ఊరేగించిన్రు. వెనక తరిమినోళ్ళంతా దాటిపోయినాక, సోమ్డి వంకర్లు తిరుక్కుంట వచ్చింది. ఉరికిపోయి హ్యాండిల్ పట్టుకున్న.

"ఎట్లుంది తల్లీ?"

"ఊ."

ఆ మాట వింటే ఏం చెయ్యాల్నో ఆ కొండ మీదే నేర్చుకున్న. ఆమెని దింపి, సైకిల్ నా భుజానికెత్తుకున్న.